ఎదుటి గొంతు: ఆక్టావియో పాజ్ స్మారకోపన్యాసం



మనం ఇవాళ తలచుకుంటున్న కవి కూడా ఒక స్మారకోపన్యాసం చేశారు, అదీ మన దేశంలోనే. నెహ్రూ పేరిట ఢిల్లీలో జరిగే ఉపన్యాసానికి 1984లో ఇందిరాగాంధీ ప్రభుత్వం ఆయన్ను పిలిచింది. ఆయన జపాన్‌లో ఉండగానే ఇందిర హత్య వార్త తెలిసింది. మరుసటి ఏడు రాజీవ్‌గాంధీ మళ్లీ పిలిస్తే వచ్చి మాట్లాడారు. ఆ ప్రసంగం అక్కడితో అయిపోలేదు. పదేళ్లు మనసులో నాని, పెరిగి, 1995లో భారతదేశం మీద ఒక పుస్తకమైంది. పిలిచినవాళ్లు నెహ్రూని స్మరించమన్నారు. ఆయన నెహ్రూ తలకెత్తుకున్న దేశాన్ని, దాని కులాలనీ మతాలనీ కవిత్వాన్నీ వంటనీ పట్టుకుని పుస్తకమంతా ఆలోచించారు. పోయినవాళ్లని తలచుకోవడమంటే వాళ్లతో మాట తెగకుండా చూసుకోవడమని ఆ పుస్తకం చదివాక నాకు అనిపించింది. ఇవాళ నేను చేయబోయేదీ అదే. ఒకటి రెండు చోట్ల ఆయనతో ఒప్పుకోలేను. అది కూడా చెబుతాను.

పాజ్‌ని తెలుగులోకి తెద్దామని కూర్చున్నప్పుడల్లా ఒక మాట దగ్గర నా కలం ఆగిపోయేది. స్పానిష్‌లో 'ఓత్రో' అంటారు. ఇంకొకడు, వేరేవాడు అని అర్థం. దాన్నుంచి పుట్టిన 'ఓత్రెదాద్' అన్న భావం ఆయన గద్యమంతటా పరుచుకుని ఉంటుంది. అన్యత్వం అని రాశాను, కొట్టేశాను. పరాయితనం అని రాశాను, అందులో ఉన్న దూరం ఆయన మాటలో లేదు. చివరికి మన వాడుకలోనే దొరికింది: ఎదురు. ఎదుటనున్న మనిషి ఎదుటివాడు. రానివాడి కోసం ఎదురుచూస్తాం. వస్తున్నాడంటే ఎదురెళ్తాం. తప్పు చేస్తున్నాడనిపిస్తే ఎదురు చెబుతాం. ఆప్యాయతకీ నిరీక్షణకీ ధిక్కారానికీ ఒకే మాట సరిపెట్టుకున్న భాష మనది. పాజ్ జీవితాన్ని ఈ మాట చేతపట్టుకుని చదివితే ఎక్కడా చిక్కుపడకుండా నడవగలిగాను. అందుకే ఆ దారినే మిమ్మల్నీ తీసుకువెళ్తాను.

ఆక్టావియో పాజ్ 1914 మార్చి 31న మెక్సికో నగరంలో పుట్టారు. ఇంటిపేరుని అక్కడివాళ్లు 'పాస్' అని పలుకుతారు, శాంతి అని అర్థం. మనకు పాజ్ అని అలవాటైంది కనుక అలాగే అంటాను. దేశం విప్లవంతో మండుతున్న రోజులవి. తండ్రి న్యాయవాది, రైతు నాయకుడు ఎమిలియానో సపాటా పక్షాన నిలిచినవాడు. ఇంటిపట్టున ఉన్నది తక్కువ. పిల్లవాడు పెరిగింది నగరం పొలిమేరలోని మిస్కోవాక్‌లో, తాతగారింట్లో. తాత ఇరేనియో పాజ్ యుద్ధాల్లో పోరాడినవాడు, పత్రికలు నడిపినవాడు, నవలలు రాసినవాడు. ఆయన పోగుచేసిన పుస్తకాలు ఇంటినిండా ఉండేవి. ఇల్లు మాత్రం చితికిపోతోంది. ఒక గది కూలితే అందులో సామాను ఇంకో గదిలోకి జరుపుకునేవాళ్లు. చదువుకోవడానికి తాత పుస్తకాలు, దాక్కోవడానికి పెరట్లో ఒక అంజూర చెట్టు. ఆ చెట్టుని గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

సపాటా ప్రతినిధిగా తండ్రి అమెరికాకు వెళ్లి లాస్ ఏంజిలిస్‌లో ఉండిపోయాడు. తల్లి ఈ పసివాణ్ణి వెంటబెట్టుకుని అక్కడికి వెళ్లింది. బడిలో మొదటిరోజు. మధ్యాహ్నం భోజనాల దగ్గర పిల్లవాడికి చెంచా లేదు. చెంచాని ఇంగ్లీషులో ఏమంటారో తెలియదు. ఊరికే కూర్చున్నాడు. పంతులమ్మ వచ్చి అడిగితే తన భాషలోనే 'కుచారా' అన్నాడు. బల్ల చుట్టూ ఉన్న పిల్లలంతా ఆ మాటనే పాటలా పట్టుకుని గేలిచేశారు. తర్వాత ఆటస్థలంలో కొట్లాట. కొన్నాళ్లు బడికి వెళ్లనన్నాడు. సరే, స్వదేశానికి తిరిగొచ్చాక అయినా నెమ్మది దొరికిందా అంటే, అక్కడి బడిలో పిల్లలు వీడి తెల్లటి ఒళ్లూ నీలికళ్లూ చూసి పరదేశీ అన్నారు. మళ్లీ కొట్లాటే. ముసలితనంలో రాసుకున్న ఆత్మకథాత్మక వ్యాసంలో ఈ రెండు బడుల సంగతీ ఆయన పక్కపక్కనే పెట్టారు. ఆయన ఆలోచనంతా ఆ చెంచా దగ్గరే మొదలైందని నా నమ్మకం. మనిషి ఎక్కడో ఒకచోట ఎదుటివాడుగా నిలబడితే తప్ప ఎదుటివాడి సంగతి ఆలోచించడు.

తాత 1924లో పోయాడు. తండ్రి తాగుడులో పడి, రైలు కింద నలిగి చనిపోయాడు. నలభై ఏళ్లు గడిచాక 1975లో అచ్చయిన ఒక దీర్ఘకవితలో పాజ్ ఆ చావు గురించి రాశారు. ఆ కవిత పేరుని తెలుగులో 'శుద్ధప్రతి' అనవచ్చు. చిత్తుప్రతిని సాపుగా ఎత్తిరాసుకోవడం అన్నమాట. బాల్యాన్ని ఎత్తిరాసుకోవడానికి ఆయనకు అరవై ఏళ్లు కావలసి వచ్చింది.

మొదటి కవితాసంపుటి 1933లో, పంతొమ్మిదేళ్ల వయసులో. దాని గురించి చెప్పవలసింది పెద్దగా లేదు, ఆయనే తర్వాత దాన్ని పక్కన పెట్టారు. 1937 అసలైన సంవత్సరం. ఆ ఏడు మొదట యుకటాన్‌కి వెళ్లి మెరీదాలో కూలీల, రైతుల పిల్లలకు పాఠాలు చెప్పారు. అక్కడి నేల సున్నపురాయి. పండేది ఎనెకెన్ అనే కిత్తనార జాతి మొక్క. ఆ నారతో ప్రపంచానికి తాళ్లు పేనిన రైతుకు కడుపునిండా తిండి లేదు. అతని మీద ఒక దీర్ఘకవిత మొదలుపెట్టారు. ఇంతలో స్పెయిన్ నుంచి పిలుపు వచ్చింది. అంతర్యుద్ధం నడుస్తుండగా వాలెన్సియాలో ఫాసిస్టు వ్యతిరేక రచయితల రెండో అంతర్జాతీయ మహాసభ జరుగుతోంది. అప్పుడే పెళ్లాడిన ఎలేనా గార్రోతో కలిసి వెళ్లారు. ఈమె గురించి ఒక్కమాట చెప్పకుండా ముందుకు పోవడం నాకు ఇష్టం లేదు. ఎలేనా గార్రో 1963లో అచ్చువేసిన నవలతో లాటిన్ అమెరికా సాహిత్యంలో తన చోటు తానే సంపాదించుకున్న రచయిత్రి. ఆ కాపురం చేదుగా సాగి చేదుగానే ముగిసింది. పాజ్ భార్యగా ఆమెను ఒక అధోజ్ఞాపికలో దాచేసిన రోజులు పోవడం మంచిదే.

స్పెయిన్‌లో రెండు సంగతులు జరిగాయి. రెండూ ఆయన్ను యాభై ఏళ్లు వెంటాడాయి.

మొదటిది మాడ్రిడ్ విశ్వవిద్యాలయ ప్రాంగణంలో. అది అప్పుడు యుద్ధరంగం. ఒక అధికారి వీళ్లను భవనాల్లోంచి, కందకాల్లోంచి తీసుకువెళ్తున్నాడు. ఒక గోడ దగ్గరికి వచ్చేసరికి అవతల మాటలు, నవ్వులు వినిపించాయి. ఎవరు వాళ్లని పాజ్ అడిగారు. అవతలివాళ్లు అని జవాబు. అంటే ఫాసిస్టు పక్షపు సేనాని ఫ్రాంకో సైనికులు. రేపు తమని చంపబోయేవాళ్లు, తాము చంపబోయేవాళ్లు. వాళ్లకీ గొంతు ఉంది, వాళ్లూ నవ్వుతారు. ఇరవైమూడేళ్ల కుర్రవాడు ఒక పక్షాన గట్టిగా నిలబడి ఉండి కూడా ఆ గొంతుని వినగలిగాడు. ఆ తర్వాత ఏ పార్టీలోనూ ఆయన పూర్తిగా ఇమడలేకపోవడానికి ఆ గోడే కారణమని నేననుకుంటాను.

రెండోది అదే మహాసభలో. ఫ్రెంచి రచయిత ఆంద్రే జీద్ సోవియట్ యూనియన్ వెళ్లివచ్చి, చూసినదాన్ని చూసినట్టు రాశాడు. దానికి సభలో కొందరు ఆయన్ని ఫాసిస్టుల తొత్తుగా నిందించారు. అది అన్యాయమని పాజ్‌కి తెలుసు. తనలాగే అనుకున్నవాళ్లు ఇంకా ఉన్నారు. అందరూ నోరుమూసుకున్నారు. ఆ మౌనాన్ని ఆయన ఎప్పటికీ మరచిపోలేదు. 1951లో సోవియట్ శిబిరాల మీద సాక్ష్యాలన్నీ కూర్చి మెక్సికోలో ప్రచురించే చోటు లేక బ్యూనస్ ఎయిర్స్ పత్రిక 'సుర్'లో వేయించారు. పాత మిత్రులు చాలామంది దూరమయ్యారు. ఆయన వెనక్కి తగ్గలేదు.

మధ్యలోని ఏళ్లను త్వరగా దాటతాను. అమెరికాలో రెండేళ్లు, 1945లో దౌత్య ఉద్యోగం, ఆ వెంటనే పారిస్. రచయితలకు రాయబార కార్యాలయాల్లో ఉద్యోగాలివ్వడం మెక్సికోలో పాత ఆనవాయితీ. పారిస్‌లో ఆంద్రే బ్రెతన్, అధివాస్తవికుల సావాసం. ఆఫీసు పని ముగిశాక రాసుకున్న గద్యగ్రంథం 1950లో వెలువడింది. దాని పేరులో 'లాబెరింతో' అన్న మాటకు పద్మవ్యూహం అని పెట్టాలని చాలామందికి అనిపిస్తుంది. నాకూ అనిపించింది. కానీ పద్మవ్యూహం శత్రువు పన్నేది. పాజ్ చెప్పే చిక్కుదారి మనిషి తనకు తానే కట్టుకున్నది. అందుకని 'ఒంటరితనపు చిక్కుదారి' అంటాను. లాస్ ఏంజిలిస్ వీధుల్లో వింత దుస్తులు తొడుక్కుని ఏ దేశానికీ చెందక తిరిగే మెక్సికన్ కుర్రాళ్లతో ఆ పుస్తకం మొదలవుతుంది. బాధ పైకి కనబడకుండా ముఖాన్ని ముసుగులా బిగించుకునే మనిషి, ఏడాదికోసారి పండగలో ఆ ముసుగు చింపుకుని అరిచే మనిషి, చచ్చినవాళ్ల కోసం చక్కెర పుర్రెలు చేసి తినే మనిషి. వీళ్లందరి వెనకా స్పానిష్ సేనాని కోర్తెస్ దండయాత్ర నాటి గాయం. చివరికి పాజ్ చెప్పేది, ఈ ఒంటరితనం మెక్సికన్లది మాత్రమే కాదు, మనందరిదీ అని. ఎదుటి మనిషి దాకా వెళ్తే తప్ప దానికి విరుగుడు లేదని.

ఇక్కడే నా మొదటి అభ్యంతరం. ఆ పుస్తకంలో ఆడదాని గురించి చాలా ఉంది. ఆమె మాట్లాడేది తక్కువ. ఆమె మగవాడి ఒంటరితనానికి అద్దంగా, తలుపుగా, మాతృభూమిగా నిలుస్తుంది. ఎదుటివాళ్ల గురించి అంతగా ఆలోచించిన మనిషి, తన ఎదుటే కూర్చుని రాసుకుంటున్న ఒక స్త్రీ గొంతుని పుస్తకంలోకి రానివ్వలేదు. ఆ లోటుని ఆయన మూడు దశాబ్దాల తర్వాత తీర్చుకున్నారు. ఆ సంగతి చివర్లో.

1957లో 'సూర్యశిల' వచ్చింది. మొదట అచ్చయినవి 300 ప్రతులే. 584 పాదాల కవిత, పాదానికి 11 అక్షరాలు. అంకె ఊరికే పెట్టింది కాదు. శుక్రుడు సూర్యుడితో కలిసి మళ్లీ అదే స్థానానికి రావడానికి పట్టే కాలం 584 రోజులు. మాయా, అజ్టెక్ పంచాంగకర్తలు దాన్ని లెక్కగట్టి పెట్టుకున్నారు. వేగుచుక్కగా, సందెచుక్కగా కనిపించే ఆ ఒక్క గ్రహమే కవితకు చక్రం. మొదటి ఆరు పాదాలు చివర్లో మళ్లీ వస్తాయి. కవితలో ఎక్కడా ముగింపు చుక్క ఉండదు. ఆఖరున ఉండేది నిలువుగా రెండు చుక్కలు, ఇంకేదో చెప్పబోతున్నట్టు. నడిమధ్యలో 1937 నాటి మాడ్రిడ్ వస్తుంది. బాంబులు పడుతున్న ఒక కూడలి, సైరన్లు, ఆ మోతలో ఒకరినొకరు కౌగిలించుకున్న ఇద్దరు. నేను ఈ కవితను మొదటిసారి పైకి చదివింది ఒక్కణ్ణే, మా ఇంటి డాబా మీద. సగానికి వచ్చేసరికి ఊపిరి ఎక్కడ తీసుకోవాలో తెలియలేదు. వాక్యం ఆగదు. మన దండకానికి ఆ గుణం ఉంది కనుక దండకపు నడకలో అనువదిద్దామని చూశాను. ఆవేగం కుదిరింది, చల్లదనం జారిపోయింది. ఆ పని ఇంకా నా బల్ల మీదే ఉంది.

ఇక మన దేశం. ఆయన మొదట వచ్చింది 1951 చివర్లో, ఓడ మీద బొంబాయికి. అది చిన్న ఉద్యోగం, కొద్ది నెలలే. మళ్లీ 1962లో రాయబారిగా వచ్చి ఆరేళ్లున్నారు. ఆఫ్ఘనిస్తాన్, సిలోన్ కూడా ఆయన బాధ్యతలోనే ఉండేవి. ఢిల్లీలో పృథ్వీరాజ్ రోడ్డులో నివాసం. తోటలో ఒక పెద్ద వేపచెట్టు. ఆ వేపచెట్టు కిందే మరీ-జోసె త్రామినిని పెళ్లాడారు. ఢిల్లీలో పరిచయమై, విడిపోయి, పారిస్ వీధిలో అనుకోకుండా మళ్లీ ఎదురైన మనిషి ఆమె.

ఢిల్లీ ఇంటికి చిత్రకారులు వచ్చేవారు. జగదీశ్ స్వామినాథన్, ఆయన మిత్రులు 'గ్రూప్ 1890' పేరుతో 1963లో పెట్టిన ప్రదర్శనకు పరిచయవ్యాసం రాసింది పాజే. అర్జెంటీనా రచయిత హూలియో కోర్తాసర్ వచ్చి ఆ ఇంట్లో ఉన్నాడు. పాజ్ మాత్రం ఢిల్లీలో ఆగే మనిషి కాదు. హుమాయూన్ సమాధి, లోదీ తోటలు, బృందావనం, మదురై, కొచ్చిన్, ఊటీ, హిమాచలం, అటు హెరాత్. ఒక్కోచోటా ఒక పద్యం. ఇవన్నీ 1969లో 'తూర్పు వాలు' అనే సంపుటిగా వచ్చాయి. విదేశీ కవులు మన దేశం మీద రాసినవి చదువుతుంటే సాధారణంగా నాకు చికాకు వేస్తుంది. ఏనుగులు, సాధువులు, ధూపం. పాజ్ పద్యాల్లో ఆ సరుకు తక్కువ. బృందావనంలో సాధువు ఎదురుపడితే అతని పవిత్రతను వెంటనే ఒప్పేసుకోడు. చూస్తాడు, అనుమానిస్తాడు, తన చూపునే అనుమానిస్తాడు. భక్తుడిగా మారకుండానే, పర్యాటకుడిగా మిగలకుండానే ఒక దేశం ముందు నిలబడడం కష్టమైన పని. ఆయన చేశారు.

తత్వంలో ఆయన్ను గట్టిగా పట్టుకున్నది వేదాంతం కంటే బౌద్ధం, అందులోనూ నాగార్జునుడి మధ్యమక మార్గం. 'శూన్యత' పేరుతోనే ఆ సంపుటిలో ఒక పద్యం ఉంది. కృష్ణ ఒడ్డున శ్రీపర్వతం మీద నాగార్జునుడు ఉన్నాడని చెప్పుకునే నేల మనది. మనం ఆ పేరుని ఆనకట్టకీ విశ్వవిద్యాలయానికీ పెట్టుకుని, ఆయన ఏమన్నాడో చదవడం పండితులకు వదిలేశాం. మెక్సికో నుంచి వచ్చిన కవి దాన్ని చదివి, ప్రతిదీ ఇంకోదాన్ని ఆనుకునే నిలబడుతుందన్న ఆలోచనని తన కవిత్వంలోకి తీసుకున్నారు. తన దృష్టికి అది ఎంత దగ్గరో చూడండి. 'నేను' అన్నది ఎదుటివాడు లేకుండా లేదు.

ఈ ఆలోచనలోంచే 'బ్లాంకో' పుట్టింది. ఢిల్లీలోనే 1966లో రాశారు. బ్లాంకో అంటే తెలుపు, ఖాళీ, బాణానికి గురి కూడా. మరుసటి ఏడు అచ్చయినప్పుడు అది కుట్టిన పేజీలుగా రాలేదు. ఒకే పొడవాటి కాగితం, మడతలు విప్పుకుంటూ చదవాలి. రంగు మారే అక్షరాలు. నడిమి వరుసలో మౌనంలోంచి మాట పుట్టి మళ్లీ మౌనంలోకి వెళ్లే ప్రయాణం. ఎడమవైపు ప్రేమ కవిత, కుడివైపు ఇంద్రియానుభవం నుంచి అవగాహన దాకా సాగే ఇంకో కవిత. ఆ రెండింటినీ విడివిడిగా చదవొచ్చు, ఒకే పాదంగా కలిపీ చదవొచ్చు. గర్భకవిత్వం తెలిసిన తెలుగువాళ్లకి ఇది మరీ కొత్తగా తోచకపోవచ్చు. కాకపోతే మన గర్భకవిత్వంలో పాఠకుడు కవి దాచినదాన్ని వెతికి పట్టుకుని ఆశ్చర్యపోతాడు. ఇక్కడ ఏది ఎదురుగా పెట్టుకుని ఏది చదవాలో నిర్ణయించేది పాఠకుడే.

హనుమంతుడి మీద ఆయన రాసిన పుస్తకం గురించి చెప్పకపోతే ఈ సభలో ఎవరూ ఒప్పుకోరు. నవవ్యాకరణాలు నేర్చినవాడని మనం చిన్నప్పుడే విన్నాం. పాజ్ ఆ హనుమంతుణ్ణే పట్టుకున్నారు. 'వ్యాకరణం తెలిసిన వానరం' మొదట 1972లో ఫ్రెంచి అనువాదంగా, తర్వాత 1974లో స్పానిష్‌లో వచ్చింది. జైపూర్ దగ్గర గల్తా అనే పాడుబడిన చోటికి నడిచిన దారి అందులో కథ. నడుస్తూ నడుస్తూ దారి వాక్యమవుతుంది, వాక్యం దారవుతుంది. సముద్రం దాటినవాడు, ఆ ఒడ్డు మాటని ఈ ఒడ్డుకు చేర్చినవాడు కనుక హనుమంతుడు ఆయన కంటికి కవిగా, అనువాదకుడిగా కనిపించాడు. సుందరకాండ పారాయణ చేసే ఇళ్లలో పెరిగిన మనకు ఈ చూపు తట్టకపోవడం నాకు ఆశ్చర్యం.

ఇంకో చిన్న సంగతి. 1995 నాటి పుస్తకంలో ఆయన మన కూరల్నీ మెక్సికో 'మోలె'నీ పక్కపక్కన పెట్టి రుచి చూస్తారు. మిరపకాయ అటు నుంచి ఇటు వచ్చిందే. జామ, బొప్పాయి, సీతాఫలం కూడా ఆ ఖండంవే. మామిడి ఇటు నుంచి అటు వెళ్లింది. గుంటూరు మిరపకాయ పూర్వీకులు మెక్సికోవాళ్లని తెలిశాక నాకు ఆ దేశం మరీ దూరంగా అనిపించడం మానేసింది.

ఇప్పుడు 1968 అక్టోబరు. మెక్సికో నగరంలో ఒలింపిక్ క్రీడలు 12న మొదలవ్వాలి. ఆ వేసవి నుంచీ విద్యార్థులు వీధుల్లో ఉన్నారు. 2వ తేదీ సాయంత్రం త్లతెలోల్కోలోని మూడు సంస్కృతుల కూడలిలో సభ జరుగుతోంది. ఒకవైపు అజ్టెక్ శిథిలాలు, ఒకవైపు స్పానిష్ చర్చి, ఒకవైపు కొత్త అపార్టుమెంట్లు ఉండడం వల్ల ఆ పేరు. సైన్యం చుట్టుముట్టి కాల్చింది. ఎందరు చనిపోయారో ఇప్పటికీ తేలలేదు. వార్త ఢిల్లీ చేరింది. 4వ తేదీన పాజ్ విదేశాంగ మంత్రికి ఉత్తరం రాసి తనను రాయబారి పదవి నుంచి తప్పించమన్నారు. ఉత్తరంలో రాజీనామా అన్న మాట లేదని, సర్వీసు నిబంధనల్లో ఉన్న ఇంకో పదం వాడారని కొందరు ఇప్పటికీ వాదిస్తారు. ప్రభుత్వమేమో తామే తొలగించామని చెప్పుకుంది. ఇరవైమూడేళ్ల ఉద్యోగం, దేశదేశాల్లో గౌరవం, వేపచెట్టున్న ఇల్లు. రెండు రోజుల్లో వదిలేశారు. నాకు ఆ పదాల తగాదా అక్కర్లేదు.

ఒలింపిక్ సాంస్కృతికోత్సవం కోసం ఆయన్ను ముందే ఒక కవిత అడిగి ఉన్నారు. అప్పుడు రాయనన్నారు. కాల్పుల తర్వాత రాసి పంపించారు. కూడలిలో నెత్తురు కడుగుతున్న మునిసిపాలిటీ పనివాళ్లు ఉన్న కవిత అది. సిగ్గు గురించిన కవిత. వాలెన్సియాలో మూసుకున్న నోరు ముప్ఫై ఒక్కేళ్ల తర్వాత ఇలా తెరుచుకుంది. జీద్ కోసం అప్పుడు మాట్లాడి ఉంటే ఇప్పుడిలా మాట్లాడి ఉండేవారా అని అప్పుడప్పుడూ ఆలోచిస్తాను.

ఇందిరాగాంధీ అధికారికంగా వీడ్కోలు ఇవ్వలేక, ఇంటికి భోజనానికి పిలిచారు. బొంబాయి వెళ్లి, ఎలిఫెంటా గుహల్లో శివుణ్ణి ఇంకోసారి చూసి, భార్యాభర్తలిద్దరూ ఓడ ఎక్కారు. సూయజ్ కాలువ మూసి ఉన్న రోజులు. ఓడ ఆఫ్రికా చుట్టూ తిరిగి వెళ్లాలి. ఆ సముద్రం మీద 'రెండు తోటల కథ' రాశారు. మొదటి తోటలో మిస్కోవాక్ అంజూర చెట్టు, రెండో తోటలో ఢిల్లీ వేప. అంజూరం కింద ఒక్కడే ఉన్నాడు, పిల్లవాడు. వేప కింద ఇద్దరున్నారు. ఆ రెండు తోటలూ ఇప్పుడు వెనక ఉన్నాయి, ముందు నీళ్లే. ఆయన పద్యాలన్నింటిలో ఒక్కటే ఉంచుకోమంటే నేను దీన్ని ఉంచుకుంటాను. ఉగాదినాడు వేపపువ్వు నోట పెట్టుకుని సంవత్సరం మొదలుపెట్టే మనకు, ఒక వేపచెట్టు ఇంకో ఖండపు కవికి ఇల్లయిందని తెలియడం చిన్న సంతోషం కాదు.

నా రెండో అభ్యంతరం ఆ తర్వాతి పుస్తకం మీద. 1970లో 'ఒంటరితనపు చిక్కుదారి'కి అనుబంధంగా ఒక 'తాజాకలం' రాశారు. అందులో త్లతెలోల్కో కాల్పుల వెనక అజ్టెక్ పిరమిడ్ నీడని, నరబలుల జ్ఞాపకాన్ని చూశారు. అద్భుతమైన గద్యం. ఐనా ఒప్పుకోలేను. ఆ రోజు కాల్చమన్నవాళ్లకు పేర్లున్నాయి, హోదాలున్నాయి. పురాణంలోకి తీసుకువెళ్తే హంతకుడు విధి వెనక దాక్కుంటాడు. మరుసటి ఏడు రచయిత్రి ఎలేనా పోనియాతోవ్‌స్కా, చూసినవాళ్ల మాటల్ని, బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లుల మాటల్ని ఒకచోట చేర్చి పుస్తకం వేసింది. ఆ ఒక్క విషయంలో నేను ఆమె పక్షం.

తర్వాతి కాలం సంపాదకుడిది. 1971లో 'ఎక్సెల్సియోర్' దినపత్రిక నీడన 'ప్లురాల్' అనే మాసపత్రిక. 1976లో ఆ దినపత్రిక సంపాదకుడు హూలియో షెరెర్‌ను ప్రభుత్వం వెనకుండి గెంటించినప్పుడు పాజ్, ఆయన బృందం మూకుమ్మడిగా బయటికి వచ్చి 'వుయెల్తా' పత్రిక పెట్టారు. అది ఆయన పోయిన 1998 దాకా నడిచింది. నికరాగువా విప్లవ ప్రభుత్వాన్ని విమర్శించారని 1984లో మెక్సికో నగరం నడివీధిలో ఆయన బొమ్మ తగలబెట్టారు. 1988 ఎన్నికల్లో ఓట్ల లెక్కింపు మీద దేశమంతా అనుమానపడుతున్నప్పుడు ఆయన ఫలితాన్ని సమర్థించారు. అది నాకు మింగుడుపడదు. అధికారానికి ఎదురు చెప్పిన మనిషి ఆ ఒక్కసారి దాని మాట త్వరగా నమ్మారు. 1990లో నోబెల్ వచ్చింది.

వీటన్నిటికంటే ఒక కవయిత్రి మీద ఆయన రాసిన 1982 నాటి పుస్తకం నాకు ముఖ్యం. సోర్ హువానా ఇనెస్ దె లా క్రూస్ పదిహేడో శతాబ్దపు సన్యాసిని. మూడేళ్లప్పుడే చదవడం నేర్చిందట. పెళ్లికి ఒప్పుకోక, చదువుకోవడానికి చోటు కావాలని మఠంలో చేరింది. గదినిండా పుస్తకాలు, వాద్యాలు, శాస్త్ర పరికరాలు. స్పానిష్ లోకమంతటా పేరున్న కవయిత్రి. 1690లో ఒక పాద్రీ ప్రసంగాన్ని విమర్శిస్తూ ఆమె రాసినదాన్ని ప్యూబ్లా బిషప్ అచ్చువేసి, ఒక సన్యాసిని మారుపేరు పెట్టుకుని, లౌకిక విద్యలు మానుకొమ్మని ఆమెకు సుద్దులు చెప్పాడు. మరుసటి ఏడు ఆమె జవాబు రాసింది. స్త్రీకి చదువుకునే హక్కు గురించి ఆ ఖండంలో వచ్చిన గొప్ప రచన అది. ఆ తర్వాత రెండు మూడేళ్లలో ఆమె పుస్తకాలు వదులుకుంది, రాయడం మానేసింది, పశ్చాత్తాపపత్రం మీద సంతకం పెట్టింది. 1695లో మహమ్మారి సోకిన తోటి సన్యాసినులకు సేవచేస్తూ చనిపోయింది. ఎందుకు ఆగిపోయింది? భక్తి పెరిగిందన్నారు పూర్వ జీవితచరిత్రకారులు. పాజ్ ఒప్పుకోలేదు. తన శతాబ్దంలో నియంతల ఎదుట తమ నేరాల్ని తామే చదివి వినిపించిన మనుషుల్ని ఆయన చూశారు. ఆమె మౌనాన్ని వాళ్లతో కలిపి చదివారు. ఆమె చెప్పినది, చెప్పలేకపోయినది, చెప్పనివ్వనిది, ఈ మూడింటినీ కలిపితేనే ఆమె అర్థమవుతుందన్న పట్టుదల ఆ బృహద్గ్రంథమంతా కనిపిస్తుంది. చిక్కుదారి పుస్తకంలో వినబడని స్త్రీ గొంతు కోసం ఇక్కడ వందలకొద్దీ పేజీలు చెవి ఒగ్గి కూర్చున్నారు.

1996 డిసెంబరులో మెక్సికో నగరంలోని ఆయన అపార్టుమెంటు అంటుకుంది. తాత ఇరేనియో నుంచి వచ్చిన పుస్తకాలు చాలా కాలిపోయాయి. మిస్కోవాక్‌లో గదులు కూలుతుంటే ఒక గది నుంచి ఇంకో గదికి మోసుకున్న పుస్తకాలు. ఎనభైరెండేళ్ల మనిషి, అప్పటికే జబ్బుపడ్డారు. ఆ ఇంటికి మళ్లీ వెళ్లలేదు. కొయొవకాన్‌లోని పాత భవంతి కాసా అల్వరాదోలో ఆయనకు చోటిచ్చారు.

అక్కడే 1997 డిసెంబరులో ఆయన పేరిట ఒక సంస్థ ప్రారంభమైంది. చక్రాల కుర్చీలో కూర్చుని, కాగితం లేకుండా కాసేపు మాట్లాడారు. తాతని తలచుకున్నారు. తల ఎత్తి చూసి మెక్సికో లోయ మీది మబ్బుల గురించి, ఎండ గురించి చెప్పారు. ఇంకో నాలుగు నెలలు బతికారు. 1998 ఏప్రిల్ 19న ఆ ఇంట్లోనే పోయారు, మరీ-జోసె పక్కన ఉండగా.